ఇంజను కాలు తిన్నదెవరు?

కంజేరిపుట్టు ఊళ్లో సుక్రు చేతికి ఏదిచ్చినా ముందు వాసన చూస్తాడు, తర్వాత వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పుతాడు, ఆ తర్వాతే పుచ్చుకుంటాడు. దోమతెరలు పంచడానికి కొండెక్కి వచ్చిన నర్సమ్మని, ముందు నువ్వు దీనికింద పడుకుని చూపించమన్న ఘనుడు అతను. పెదబయలు సంతకి వెళ్లేటప్పుడు గింజలు కొలిచే సొంత సోల సంచిలో వేసుకుని మరీ వెళతాడు. వర్తకుల సోలలకి అడుగు లోపలికి నొక్కి ఉంటుందని అతని గట్టి నమ్మకం. ఊళ్లోవాళ్లు చూసి నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారా అని దాని గురించి కూడా అతను కాసేపు ఆలోచిస్తాడు.

ఈ బుద్ధి ఊరికే రాలేదు లెండి. డాం నీళ్లు లోయంతా నిండి పాత ఊరు మునిగిపోయాక, అతని తండ్రికి గట్టు మీద కాస్త మెట్ట భూమి మిగిలింది. ఒక దళారి వచ్చి, చింతపండు తూకానికి రసీదని చెప్పి, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. మరుసటేడు ఆ భూమిలో దళారి మనుషులు నాగలి కట్టారు. తండ్రి ఆ దిగులుతోనే మంచం పట్టాడు. పోయేముందు కొడుక్కి ఒకటే మాట చెప్పాడు. "సదవకుండా దేనిమీదా ఏలెట్టీకురా" అన్నాడు. సుక్రు ఆశ్రమ పాఠశాలలో పట్టుబట్టి ఏడో తరగతి దాకా చదివింది అందుకే. యాభై మూడేళ్లొచ్చినా ఇప్పటికీ అగ్గిపెట్టె మీద అక్షరాల్ని కూడా వదిలిపెట్టడు.

ఆ చదువే అతన్ని పడవెక్కించింది. రెండేళ్ల కిందట ఊరికి ఒక ఫైబరు పడవ, దాని వెనక తగిలించే ఇంజనుతో సహా వచ్చింది. అవతలి ఒడ్డుకి చేరితే జీపు రోడ్డు, ఆసుపత్రి, సంత. నీళ్ల చుట్టూ కొండదారిన నడిచి వెళ్లాలంటే ఒక పూట పడుతుంది. ఇంజనుతో వచ్చిన పుస్తకం చదవగలిగిన మనిషి కావాలంటే ఊరిపెద్ద ధర్మ సుక్రుని చూపించాడు.

అంతవరకూ జనాన్ని దాటించింది భీముడు. సుక్రు భార్య సోములమ్మకి స్వయానా అన్న. ఒకే మాను తొలిచి చేసిన దోనెలో ముప్పై ఏళ్లు తెడ్డు వేశాడు. నొప్పులు పడుతున్న ఆడవాళ్లనీ, పాము కరిచినవాళ్లనీ, మేకపోతుల్నీ, పెళ్లికూతుళ్లనీ ఆ దోనెలోనే దాటించాడు. కోతలయ్యాక ఇంటికో సోలెడు సామలు పెడితే పుచ్చుకునేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఇంజను పడవ వచ్చిన రోజున అందరితో పాటు రేవుకి వచ్చి చూసి, "బాగుంది బావా" అని ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి సాయంత్రాలు రేవు పక్క రాయి మీద కూర్చుని గాలం వేసుకోవడం మొదలుపెట్టాడు. పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే సుక్రుకి నచ్చలేదు.

ఇంజను నేర్పడానికి విశాఖపట్నం చేపల రేవు నుంచి అప్పారావు అనే మెకానిక్కు వచ్చి రెండు రోజులున్నాడు. నీళ్లలో మునిగే భాగాన్ని అతను కాలు అన్నాడు. కాలు చివర తిరిగే రెక్కల్ని ఫ్యాను అన్నాడు. ఫ్యానుకి కాస్త పైన బిళ్లలాంటి లోహపు ముక్క ఒకటి మేకుతో బిగించి ఉంది. సుక్రు దాన్ని గోటితో గీకి చూశాడు.

"ఇదేటి మేస్త్రీ?"

"అది బలి ముక్క. నీళ్లు ఇంజను లోహాన్ని తింటాయి కదా, ముందు దీన్ని తింటాయి. ఇదున్నంతకాలం కాలు జోలికి రావు. అరిగిపోతే కొత్తది బిగించాలి. దీనికి రంగు మాత్రం పూసీకు. పూసినావంటే ఇది నీళ్లకి అందదు, అప్పుడు కాలుని తినీత్తాయి."

"మాది ఉప్పునీరు కాదు కదా?"

"అయితే ఏటి? నెమ్మదిగా తింటాయి. ముక్క ఏళ్ల తరబడి ఉంటాది."

పడవ కట్టేశాక కాలుని పైకెత్తి నీళ్లలోంచి బయట ఉంచాలని, శుభ్రంగా కడగాలని, ఫ్యాను ఇరుసుకి గ్రీజు పెట్టాలని అప్పారావు మూడేసి సార్లు చెప్పాడు. సుక్రు అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాడు. రాసుకున్నాడు గానీ తన ఆలోచన తను చేశాడు.

బలి అంటే అతనికి తెలియంది కాదు. కొత్త పంట ముట్టే కొత్తల పండగకి దేవతకిచ్చే కోడిని ముందురోజు నుంచీ గంప కింద మూసి కాపలా కాస్తారు. ఇంకొకరి చెయ్యి తగిలితే ఆ కోడి చెల్లదు. కోడికే అంత కాపలా ఉంటే ఇంజనుని కాపాడే బలి ముక్కకి ఎంత ఉండాలి? పైగా కాలు పైకెత్తి పెడితే ఫ్యాను అందరి కళ్లకీ కనిపిస్తూ ఉంటుంది. దొంగని పిలిచి పీట వేసినట్టే కదా! అందుకని సుక్రు పడవ కట్టేశాక కాలుని ఎత్తలేదు, నీళ్లలోనే దాచాడు. దాచి ఊరుకోలేదు. కరెంటు వైరు పైతోలు ఒలిచి రాగి తీగ తీశాడు. ఇనప తీగ అయితే తుప్పు పట్టి దానంతటదే తెగుతుంది, అప్పుడు దొంగ తెంపాడో తుప్పు తెంపిందో తేలదు. రాగికి ఆ బాధ లేదు. ఆ తీగని కాలు చుట్టూ ఏడు చుట్లు చుట్టి, బలి ముక్క మేకు మీదుగా లాగి, ఫ్యాను రెక్కకి తిప్పి, తనకి మాత్రమే తెలిసిన ఎడమ మెలికతో ముడి వేశాడు. ఎవడి చెయ్యి తగిలినా ముడి చెప్పేస్తుంది. రోజూ ఆఖరి ట్రిప్పు అయ్యాక ముడి వేయడం, పొద్దున్నే చూసి విప్పడం. తన తెలివికి తనే మురిసిపోయాడు.

మొదటి వానలు పడేనాటికి బలి ముక్క సగం అయింది. వలిసెలు పసుపుపచ్చగా పూసేనాటికి మేకు మాత్రం మిగిలింది. ఏళ్ల తరబడి ఉంటుందన్న ముక్క ఆరు నెలల్లో మాయమైతే ఎవరికైనా అనుమానం వస్తుంది, ఇక సుక్రుకి రాకుండా ఉంటుందా! ఎవరో ఆకురాయితో గీసుకుపోతున్నారని తేల్చుకున్నాడు. కానీ ముడి చూస్తే ముడి వేసినట్టే ఉంది. ఒక్క మెలిక కూడా సడలలేదు.

తర్వాత కాలు మీద రంగు పొక్కులు లేచింది. పొక్కు గిల్లితే లోపల తెల్లటి పొడి. పొడి తుడిస్తే అడుగున చిన్న చిన్న గుంటలు. సుక్రు ఆ పొడిని వేలికి రాసుకుని వాసన చూశాడు. సున్నంలా ఉందనిపించింది. తలెత్తి చూస్తే రాయి మీద భీముడు గాలం పక్కన పెట్టి, పొగాకులోకి బొటనవేలితో సున్నం రాసుకుంటున్నాడు.

ఇంకేం కావాలి! అప్పటి నుంచి సుక్రు కళ్లకి భీముడు తప్ప మరేదీ ఆనలేదు. ఇంజను దగ్గితే భీముడు ఇటు చూశాడు, చూశాడంటే ఎదురు చూస్తున్నాడన్నమాట. ఇంజను బాగా నడిస్తే చూడలేదు, చూడలేదంటే మొహం తప్పిస్తున్నాడన్నమాట. ఇంట్లో సోములమ్మ అన్నకి జావ పట్టుకెళ్లబోతే, "ఏటి మాటాడుకుంటారు మీరిద్దరూ?" అని అడిగాడు.

"జావలో ఉప్పు సరిపోనాదా అని" అంది సోములమ్మ ఒళ్లు మండి.

మంచు దిగే రోజుల్లో ఒక సంత రోజు పొద్దున, పద్నాలుగు మందితో నడి నీళ్లలో ఉండగా ఇంజను ఒక్కసారి గుర్రుమని అదిరి, కాలులోంచి బరబరా చప్పుడు చేసి ఆగిపోయింది. తాడు ఎన్నిసార్లు లాగినా ఫ్యాను తిరగలేదు. పడవ గాలికి పక్కకి కొట్టుకుపోతోంది. ఆడవాళ్లు అరుస్తున్నారు. అప్పుడు మంచులోంచి భీముడి దోనె వచ్చింది. అతను ఏమీ అడక్కుండా తాడు అందుకుని, అరవై ఏళ్ల ఒంటితో తెడ్డు వేసుకుంటూ పడవని ఒడ్డుకి లాక్కొచ్చాడు. దిగినవాళ్లంతా అతని చేతులు పట్టుకున్నారు. సుక్రు మాత్రం పట్టుకోలేదు. సరిగ్గా ఇవాళే, సరిగ్గా అక్కడే ఇతని దోనె ఎలా ఉంది? అతని బుర్రలో తిరిగింది అదొక్కటే.

ఆ సాయంత్రం బడి అరుగు మీద ఊరు కూర్చుంది. సుక్రు ఇంజను కాలు చూపించాడు, తెల్లపొడి చూపించాడు, భీముడి సున్నం సంగతి చెప్పాడు.

"మరి నువ్వు ఏసిన ముడి ఇప్పినారా?" అని అడిగాడు ధర్మ.

"ఇప్పలేదు. ముడి ముడిలాగే ఉంది. సెయ్యి తగలకుండానే తిన్నాడంటే మరి అది ఏటనుకోవాలి?" సుక్రు ఒక్క క్షణం ఆగాడు. ఆగినవాడు అక్కడితో ఆగిపోయినా బాగుండేది. "సిల్లంగి కాదేటి?"

ఆ మాటతో అరుగు మీద గాలి మారిపోయింది. దూరం నుంచే మనిషినీ గొడ్డునీ పంటనీ చెడగొట్టే విద్య అది. ఆ కొండల్లో ఒక మనిషి మీద ఆ పేరు పడిందంటే ఇక ఆ ఇంట్లో నిప్పు కూడా ఎవరూ అడగరు. పొద్దున చేతులు పట్టుకున్నవాళ్లే నెమ్మదిగా భీముడి పక్క నుంచి జరిగి కూర్చున్నారు.

"నాను ముట్టలేదు బావా" అన్నాడు భీముడు. అంతే అన్నాడు.

ధర్మ, వచ్చే సంత మర్నాడు మళ్లీ కూర్చుందామన్నాడు. అప్పటికీ భీముడు తప్పు ఒప్పుకోకపోతే ఊరు వెలి వేస్తుంది. అంతవరకూ అతను రేవుకి రాకూడదు, అతని దోనె ఎవరూ ఎక్కకూడదు. మర్నాడు భీముడు దోనెని గట్టెక్కించి బోర్లించేశాడు. ముప్పై ఏళ్లలో ఆ దోనె అలా బోర్లా పడి ఉండటం ఎవరూ చూడలేదు. సోములమ్మ మొగుడికి అన్నం పెట్టడం మానలేదు గానీ మాట్లాడటం మానేసింది.

నాలుగో రోజున అప్పారావు ఫోను అందుకుని కొండెక్కి వచ్చాడు. కాలు ఊడదీశాడు. లోపలి గేరు నూనె పాలు పోసిన టీలా తెల్లగా కారింది. గుంటలు పడి పడి ఒకచోట కాలుకి చిల్లే పడింది, అందులోంచి నీళ్లు దూరాయి. సుక్రు పక్కన నిలబడి, భీముడి పేరు ఇతని నోటి నుంచి కూడా ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు.

"కట్టేసినప్పుడు కాలు పైకెత్తేవోడివా?" అన్నాడు అప్పారావు.

"నీళ్లలోనే ఉంచీవోడిని. దొంగలకి కనపడకుండా."

అప్పారావు అతని మొహం కేసి చూశాడు. "మరి ఈ గీతలేటి? చుట్టూ ఏదో కట్టినట్టు?"

సుక్రు గర్వంగా జేబులోంచి రాగి తీగ తీసి, ఏడు చుట్లు ఎలా చుట్టాడో, ఎడమ మెలిక ఎలా వేశాడో చూపించాడు. అప్పారావు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"ఓరి సుక్రూ, ఇంజనుని నువ్వే తినిపించీసినావురా! రాగీ ఈ లోహం తగులుకుని నీళ్లలో ఉంటే రాగికేటీ అవ్వదు, ఇది కరిగిపోతాది. అందుకే బలి ముక్క ఆర్నెల్లకే అయిపోనాది. అదయ్యాక కాలు మీద పడింది. పైకెత్తి ఉంచినా ఇంత అయ్యేది కాదు. రోజంతా తిరిగి, రాత్రంతా నాని... బాగుంది నీ కాపలా!"

సుక్రు నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? ఈ అప్పారావు మొదటిసారి వచ్చినప్పుడు భీముడు పట్టిన చేపల పులుసు రెండు పూటలు తిన్నాడు, సుక్రుకి బాగా గుర్తు. అప్పారావు విసుక్కుని, విరిగిన పెచ్చులు రెండు అతని చేతిలో పెట్టాడు. "రెండు మట్టి ముంతల్లో నీళ్లోసి ఉప్పెయ్యి, బేగి తేలుతాది. ఒక పెచ్చుకి నీ తీగ చుట్టు, రెండోదానికి చుట్టీకు. నువ్వే సూసుకో" అన్నాడు. కాలు మూట కట్టుకుని, కొత్తది తెస్తానని సాయంత్రం జీపుకే దిగిపోయాడు. ఊళ్లో ఇంకెవరితోనూ మాట్లాడలేదు.

సుక్రు రెండు ముంతలూ గాదె వెనక చాటున పెట్టాడు. పూటకోసారి వెళ్లి చూశాడు. తీగ చుట్టింది ఏది, చుట్టనిది ఏది అని తనని తనే మోసం చేసుకోకుండా ముంతల మీద బొగ్గుతో రాశాడు. రెండో రోజుకి తీగ చుట్టిన పెచ్చు మీద తెల్లటి నూగు పట్టింది. మూడో రోజుకి తీగ ఆనిన మేర చిన్న గుంటలు. రెండో ముంతలోది వేసినట్టే ఉంది. ఈ ముంతల్ని ఎవరైనా ముట్టుకున్నారేమో అని కూడా ఆలోచించాడు. ఎవరూ ముట్టుకోలేదు. ఇంట్లో ఉన్నది తను, తన భార్య, ఆ గాదె.

జన్మలో మొదటిసారి అతనికి ఒక విషయంలో ఏ అనుమానమూ మిగల్లేదు. అది అతనికి ఏమాత్రం సుఖంగా లేదు. ఊరికి చదువుకున్నవాడు తను. ఇంజను పాడు చేసింది తను. అందరి ముందూ సిల్లంగి అన్న మాట ఊడిపడింది తన నోట్లోంచే. ఇప్పుడు వెళ్లి ఏమని చెప్పాలి? మర్నాడు సంత, ఆ మర్నాడు ఊరు మళ్లీ కూర్చుంటుంది. అప్పారావు కొండ దిగిపోయాడు. ఈ రెండు ముంతలు పారబోస్తే ఇక చెప్పేవాడు లేడు. సుక్రు ఒక ముంత చేతిలోకి తీసుకుని పెరటి గుమ్మం దాకా నడిచాడు.

గుమ్మంలో సోములమ్మ నిలబడి ఉంది. అతని చేతిలో ముంత చూసింది, నీళ్లలో తీగ చుట్టిన ముక్క చూసింది, బొగ్గు రాతలు చూసింది.

"ఏటి సేత్తన్నావు?" అంది. ఆరు రోజుల తర్వాత మొగుడితో మొదటి మాట అది. "మా అన్న మీద ఏటి సేత్తన్నావు?"

"ఇది అది కాదే..."

"సాటున పెట్టినావు. రాతలు రాసినావు. తీగ సుట్టినావు. నాను గుడ్డిదాన్నేటి? అన్నకి ఆ పేరు పెట్టింది సాలక నువ్వే ఆ పని సేత్తన్నావా?" ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి, అతన్ని చూసి భయపడి వెనక్కి జరిగింది.

సుక్రు కాదని చెప్పబోయాడు. నోరు తెరిస్తే, భీముడు అరుగు మీద అన్న మాటకి మించి తన దగ్గర ఒక్క మాట కూడా లేదు. నేను అలాంటిదేమీ చేయలేదు అనడం తప్ప మనిషి ఇంకేం చెప్పగలడు? అక్కడే చతికిలబడి, రెండు ముంతలూ ఆమె ముందు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. పారబొయ్యడానికే వస్తున్నానని కూడా చెప్పాడు.

సోములమ్మ తీగ చుట్టిన పెచ్చుని ముంతలోంచి తీసి, గుంటల్ని వేలితో తడిమి చూసింది.

"మరి ఎల్లి ఊరందరికీ సెప్పీ" అంది.

"సెప్తే ఊళ్లో నా మొహం ఏటవుతాది?"

"మా అన్న మొహం ఏటయిందో సూసినావా?"

అతను చూడలేదు. ఆరు రోజులుగా ఆ వైపు వెళ్లలేదు.

సంత మర్నాడు సుక్రు రెండు ముంతలూ రెండు చేతుల్లో పట్టుకుని బడి అరుగెక్కాడు. తప్పు ఒప్పుకోవడం అతనికి అలవాటు లేదు, అందుకే చెప్పింది అడ్డదిడ్డంగా చెప్పాడు. బలి ముక్క దగ్గర మొదలెట్టి, తండ్రి వేలిముద్ర దాకా వెళ్లి, మళ్లీ రాగి తీగ దగ్గరికి వచ్చాడు. ధర్మ ఒక్కో ముంతా తీసుకుని వాసన చూశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "దొంగని పట్టుకున్నావన్నమాట" అన్నారు. నవ్వులు లేచాయి. జరిగి కూర్చున్నవాళ్లు మళ్లీ భీముడి పక్కకి జరిగారు, ఒకాయన పొగాకు కూడా అందించాడు. సుక్రు అందరి ముందూ భీముడి కాళ్లకి దండం పెట్టాడు.

"లే బావా" అన్నాడు భీముడు. తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

కొత్త కాలు రావడానికి మూడు వారాలు పట్టింది. సుక్రు ఇప్పుడు పడవ కట్టేయగానే కాలుని పైకెత్తుతాడు. కడుగుతాడు, తుడుస్తాడు, గ్రీజు పెడతాడు. కొత్త బలి ముక్క రంగు లేకుండా అందరి కళ్ల ముందూ ఉంటుంది, ఫ్యాను కూడా. దానికి కాపలా లేదు, ఎవరూ ముట్టుకోవడమూ లేదు.

కొత్త కాలు బిగించాక వచ్చిన మొదటి సంత రోజు పొద్దున జనం పడవెక్కుతుంటే భీముడు చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని రేవు దాకా వచ్చాడు. సుక్రుకి ప్రాణం లేచొచ్చింది. ముందు వరసలో చోటు చేసి, ఒంగి చెయ్యి చాచాడు.

"రా బావా, ఎక్కు."

భీముడు ఆ చేతి కేసి చూశాడు. కోపం లేదు అతని మొహంలో. "వద్దులే బావా. నడిసెల్తాను" అన్నాడు.

"పూట పడతాది కదా! ఇంకా మనసులో పెట్టుకున్నావేటి? తప్పయిపోనాదని అందరి ముందూ సెప్పినాను కదా."

"సెప్పినావు. బాగానే సెప్పినావు." భీముడు బుట్ట సర్దుకున్నాడు. "నానెక్కినప్పుడు నడి నీళ్లలో ఏటైనా ఇరిగిందనుకో బావా. అప్పుడు ఎవులి పేరు వత్తాది?"

పడవలో ఉన్నవాళ్లు ఎవరూ నవ్వలేదు. అలా కాదని ఒక్కరూ అనలేదు. సుక్రు చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత తాడు మీదకి వెళ్లింది. భీముడు గట్టు దారి పట్టాడు.

పడవ ఎప్పటిలాగే అరగంటలో అవతలికి చేరింది. భీముడు మధ్యాహ్నానికి సంతకి వచ్చాడు, బుట్ట అమ్ముకున్నాడు. పొద్దు వాలుతుండగా జనం తిరిగి పడవెక్కి కూర్చున్నారు. సుక్రు ఇంజను తాడు చేతిలో పట్టుకుని కొండదారి కేసి చూస్తూ నిలబడ్డాడు. బేగి తియ్యమని అందరూ కసురుకున్నారు. దారి మలుపులో భీముడు ఖాళీ బుట్టతో కనిపించాడు, రేవు కేసి తిరగకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అతని తల కనపడినంతసేపూ సుక్రు తాడు లాగలేదు.